యాభై వేలలో తేలికైన హార్డ్‌టెయిల్: వరంగల్ చుట్టుపక్కల దారులకు సైకిల్ ఎంచుకునే పద్ధతి

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో మాత్రమే సస్పెన్షన్ ఉండి, వెనక భాగం గట్టిగా ఉండే మౌంటెన్ సైకిల్‌ను హార్డ్‌టెయిల్ అంటారు. వరంగల్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్ వైపు కాకతీయ కాలువ కట్టలకూ, చెరువు కట్టలకూ, మొరం బాటలకూ, గుట్టల కింది బండ్ల దారులకూ ఇది చాలు. వెనక కూడా సస్పెన్షన్ ఉన్న సైకిల్ ఈ ధరలో తీసుకుంటే మిగిలేది అదనపు బరువు, తొందరగా లూజయ్యే బుష్‌లు. దాని జోలికి పోకండి.

డబ్బు ఇంతే అని గీత గీసుకున్నప్పుడు చూడాల్సిన వరుస ఇది: కొలత, ఫోర్కు, ఫ్రేమ్, చక్రాలు, బ్రేకులు, ఆ తర్వాతే గేర్లు. దుకాణంలో మాత్రం బేరం తలకిందులుగా, "ఇరవయ్యొక్క గేర్లున్నయ్ సార్" అనే మాటతో మొదలవుతుంది. గేర్ల సంఖ్య సైకిల్‌ను తేలిక చేయదు. చాలాసార్లు బరువే పెంచుతుంది.

ముందు డబ్బును పంచండి

చేతిలో 50,000 ఉందంటే 50,000 సైకిల్ కొనమని కాదు. హెల్మెట్‌కు 2,000, గేజీ ఉన్న పంపుకు 1,500, ఫోర్కులో గాలి కొట్టే షాక్ పంపుకు 1,500, అలెన్ కీలూ చైన్ కట్టరూ ఉన్న పనిముట్ల సెట్టుకు 1,000, లైట్లకు 1,000, స్పేర్ ట్యూబు, ప్యాచీలు, టైరు లీవర్లకు 800 పక్కన పెట్టండి. ఇవి 7,800. టైర్లు మార్చడానికి, ట్యూబ్‌లెస్ చేయడానికి ఇంకో 4,000 ఉంచండి. సైకిల్‌కు మిగిలేది 38,000 చుట్టూ. దుకాణాన్ని బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి కానీ పంపకం మాత్రం ఇలాగే ఉండాలి. మొత్తం సైకిల్ మీదే పెట్టేసినవాళ్లు మొదటి నెలలోనే పంపు కోసం, ట్యూబుల కోసం అప్పు చేస్తారు.

2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత స్టిక్కరు ధర చూపించి "మీ కోసం డిస్కౌంట్" అంటే, అది తగ్గిన పన్నేనా, నిజంగా ఇచ్చిన తగ్గింపా అన్నది బిల్లు అడిగి తేల్చుకోండి.

ఎంత తేలిక ఆశించాలి

ఈ ధరలో అల్యూమినియం ఫ్రేమ్, కాయిల్ ఫోర్కు (లోపల స్ప్రింగు ఉండేది) ఉన్న సైకిల్ 14.5 నుంచి 16 కిలోలు తూగుతుంది. స్ప్రింగు బదులు గాలి ఉండే ఎయిర్ ఫోర్కు, కాస్త మంచి చక్రాలు ఉంటే 13 నుంచి 14. కొత్త సైకిల్ 12 కిలోల లోపు కావాలంటే ఇంకా పెద్ద డబ్బు కావాలి. యాభై వేలలో 11 కిలోల కొత్త హార్డ్‌టెయిల్ అని ఎవరైనా రాస్తే నమ్మకండి.

ఒక కిలో తగ్గితే ఏమవుతుందో లెక్క చూడండి. 70 కిలోల మనిషి, 14 కిలోల సైకిల్, నీళ్లు, సంచీ కలిపి 87 కిలోలు. అందులో కిలో అంటే ఒక శాతం పైచిలుకు. చదును రోడ్డు మీద అది తెలియను కూడా తెలియదు. తెలిసేది నిటారుగా ఎక్కేటప్పుడు, ఆగి మళ్లీ కదిలేటప్పుడు, పాండవుల గుట్ట లాంటి చోట బండల మధ్య సైకిల్‌ను భుజాన వేసుకోవాల్సి వచ్చినప్పుడు. టైర్లలో, రిమ్ములలో తగ్గిన బరువు మాత్రం వేరే లెక్క. అది కదలడమే కాదు, తిరగాలి కూడా. వేగం అందుకునేటప్పుడు అంచు దగ్గరి గ్రాము దాదాపు రెండు గ్రాముల పని చేయిస్తుంది. అందుకే సీటు కింద 300 గ్రాములు తగ్గించడం కన్నా టైర్లలో 300 తగ్గించడం మేలు.

కొలత

కొలత తప్పితే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. ఎత్తు 155–165 సెం.మీ. అయితే స్మాల్, 165–175 మీడియం, 175–185 లార్జ్. ఇది మొదటి అంచనా మాత్రమే, కంపెనీని బట్టి మారుతుంది. బూట్లు వేసుకుని సైకిల్‌కు అటో కాలు ఇటో కాలు వేసి పై పైపు మీదుగా నిలబడండి. మధ్యలో కనీసం 5 సెం.మీ. ఖాళీ ఉండాలి. తర్వాత సీటు ఎత్తు సరిచేయించుకుని, పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ పెట్టి చూడండి. మోకాలు దాదాపు నిటారుగా రావాలి. రెండు కొలతల మధ్య పడితే చిన్నదే తీసుకోండి. సీటు పోస్టు పైకి లేపుకోవచ్చు, పెద్ద ఫ్రేమును చిన్నది చేయలేం.

చక్రం 29 అంగుళాలదా 27.5దా అంటే, 160 సెం.మీ. లోపు ఎత్తున్నవాళ్లు 27.5, మిగతావాళ్లు 29. పెద్ద చక్రం కొంచెం బరువెక్కువే కానీ కాలువ కట్ట మీది ఎద్దుబండి గాడులను, రాళ్లను సులువుగా దాటుతుంది. 26 అంగుళాల కొత్త సైకిల్ వద్దు. దానికి మంచి టైర్లు, ఫోర్కులు దొరకడం తగ్గిపోతోంది.

ఫోర్కు: అసలు డబ్బు ఇక్కడ

100 మి.మీ. ఆడే చవక కాయిల్ ఫోర్కు బరువు 2.4 నుంచి 2.8 కిలోలు. అంతే ఆడే ఎయిర్ ఫోర్కు 1.8 నుంచి 2.2. ఒక్క భాగంలోనే అర కిలోకు పైగా తేడా. ఇంతకన్నా పెద్ద చిక్కు స్ప్రింగుది. చవక ఫోర్కుల్లో ఒకే స్ప్రింగు వస్తుంది. 55 కిలోల మనిషి కింద అది కదలనే కదలదు, 95 కిలోల మనిషి కింద ప్రతి గుంతకూ అడుగు తగులుతుంది. పైనున్న ప్రీలోడ్ నాబ్ తిప్పితే సరిపోతుందని చెప్తారు కానీ అది స్ప్రింగును ముందుగా కొంత నొక్కి ఉంచుతుందే తప్ప దాని గట్టిదనాన్ని మార్చదు. ఎయిర్ ఫోర్కులో మీ బరువుకు తగ్గట్టు గాలి కొట్టుకుంటే పని అయిపోతుంది.

గుర్తుపట్టడం తేలిక. సైకిల్ మీద కూర్చుంటే ఎడమ వైపు వచ్చే ఫోర్కు కాలు పైన చిన్న మూత ఉండి, తిప్పి తీస్తే మోటారుసైకిల్ ట్యూబుకు ఉండేలాంటి వాల్వు కనిపిస్తే అది ఎయిర్. ప్రీలోడ్ నాబ్ మాత్రమే ఉంటే కాయిల్. కుడి కాలు అడుగున చిన్న నాబ్ ఉందో లేదో కూడా చూడండి. అది రీబౌండ్, అంటే నొక్కుకుపోయిన ఫోర్కు ఎంత నెమ్మదిగా పైకి రావాలో నియంత్రించేది.

దుకాణంలోనే ఒక పరీక్ష చేయవచ్చు. ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్ మీద ఒంటి బరువంతా వేసి నొక్కి, ఒక్కసారిగా వదిలేయండి. ఫోర్కు నింపాదిగా పైకి వచ్చి ఆగితే డ్యాంపింగ్ ఉన్నట్టు. ముందు చక్రం నేల వదిలి ఎగిరితే, బండల దారిలో దిగేటప్పుడు ఆ హ్యాండిల్ మీ చేతిలో నిలవదు. పై కాళ్ల మందం 32 మి.మీ. ఉంటే మంచిది. 28 ఉన్నవి బ్రేకు వేసినప్పుడు వెనక్కి వంగుతాయి.

38,000లో ఎయిర్ ఫోర్కు దొరకకపోతే? రెండు దారులున్నాయి. ఒకటి, కింద చెప్పిన ఫ్రేమ్ లక్షణాలన్నీ ఉన్న కాయిల్ సైకిల్ కొని, ఏడాది తర్వాత ఫోర్కు మార్చుకోవడం. రెండోది చాలామందికి నచ్చదు కానీ లెక్కకు నిలుస్తుంది: అసలు సస్పెన్షనే లేని అల్యూమినియం ఫోర్కు వేసి, ముందు 2.4 అంగుళాల వెడల్పు టైరు తొడగడం. ఆ ఫోర్కు కిలో లోపే ఉంటుంది కాబట్టి కిలోన్నర దాకా తగ్గుతుంది. ఎక్కువగా కట్టల మీద, మొరం మీద తొక్కేవాళ్లకు చవక కాయిల్ కన్నా ఇదే నయం. ఒక్క జాగ్రత్త: ఇరుసు నుంచి ఫోర్కు తల దాకా పొడవు పాత ఫోర్కుకు దగ్గరగా ఉండాలి. 29 అంగుళాల చక్రానికి అది 470–490 మి.మీ. పొట్టి ఫోర్కు వేస్తే సైకిల్ ముందుకు వాలి, హ్యాండిల్ చిన్న కదలికకే తిరిగిపోతుంది.

ఫ్రేమ్: రేపటి కోసం చూడాల్సింది

6061 అల్యూమినియం చాలు. మీడియం ఫ్రేమ్ 1.7 నుంచి 2.1 కిలోలు ఉంటుంది. మామూలు స్టీలు వద్దు. ఫ్రేమ్ బరువు కన్నా ముఖ్యం, దానికి రేపు ఏం బిగించగలం అన్నది.

ఫోర్కు దూరే ఫ్రేమ్ ముందరి పైపును చేత్తో తడమండి. పైన సన్నగా, కింద లావుగా ఉంటే అది టేపర్డ్. ఇప్పటి మంచి ఫోర్కులన్నీ పడతాయి. పై నుంచి కింద దాకా ఒకే లావు, అదీ సన్నగా ఉంటే నిటారు 28.6 మి.మీ. గొట్టం ఉన్న ఫోర్కులే పడతాయి. వాటిలో ఎంపిక తక్కువ. ఒకే లావు ఉండి లోపలి వ్యాసం 44 మి.మీ. అయితే బయటికి వచ్చే కప్పు వేసి టేపర్డ్ ఫోర్కు కూడా బిగించవచ్చు. వెనక డిరేలర్ (చైనును ఒక పళ్ల చక్రం మీది నుంచి ఇంకోదానికి జరిపేది) తగిలే హ్యాంగర్ విడిగా ఊడేది అయి ఉండాలి. సైకిల్ కొన్న రోజే అదే నమూనా హ్యాంగర్ ఒకటి అదనంగా కొనిపెట్టుకోండి. రాయికి తగిలి వంగేది మొదట అదే. తర్వాత వెతికితే దొరకదు.

చక్రాలు, ముళ్లు

వెనక చక్రంలో ఒక తేడా దుకాణంలో ఎవరూ చెప్పరు. పళ్ల చక్రాల గుత్తి రెండు రకాలు: హబ్బు (చక్రం నడిమి భాగం) మీద మరలాగా బిగుసుకునే ఫ్రీవీల్, గాడుల మీదికి జారే క్యాసెట్. కుడి వైపు వంగి, ఇరుసు చుట్టూ ఉన్న చిన్న గాడుల రింగును చూస్తూ పళ్ల చక్రాలను వెనక్కి తిప్పండి. రింగు పళ్లతో పాటే తిరిగితే క్యాసెట్. పళ్లు తిరుగుతుంటే రింగు కదలకుండా ఉంటే ఫ్రీవీల్. అన్నింటికన్నా చిన్న చక్రానికి 14 పళ్లుంటే దాదాపుగా ఫ్రీవీలే, 11 ఉంటే దాదాపుగా క్యాసెట్.

ఫ్రీవీల్ హబ్బులో కుడి వైపు గోళీలు లోపలికి, మధ్యకు దగ్గరగా ఉంటాయి. బయటికి మిగిలిన ఇరుసు ముక్కకు ఆసరా ఉండదు. బరువైన మనిషి గుంతల్లో తొక్కితే అక్కడే వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. పైగా తర్వాత తేలికైన గేర్లు వేద్దామంటే మొత్తం చక్రమే మార్చాలి. 38,000 పెట్టి ఫ్రీవీల్ తీసుకోకండి.

రిమ్ము రెండు గోడలది ఉండాలి. ట్యూబ్‌లెస్‌కు పనికొస్తుందని రిమ్ము మీద రాసి ఉంటే ఇంకా మంచిది. పుల్లలను రెండేసి కలిపి వేళ్లతో నొక్కుతూ చుట్టూ పోండి. కొన్ని బిర్రుగా, కొన్ని వదులుగా ఉంటే బెండ్ తీయించి ఇవ్వమనండి.

ఇక ముళ్లు. కాలువ కట్టల వెంట సర్కారు తుమ్మ, పొలాల గట్లకు నల్ల తుమ్మ, ఎండిన చెలకల్లో పల్లేరు కాయలు. కట్ట మీద తుమ్మ కొట్టేసిన వారంలో మామూలు ట్యూబుతో పోతే పంచర్ తప్పదు. అందుకే తేలిక కోసం 550 గ్రాముల రేసు టైరు వేయడం ఇక్కడ తెలివైన పని కాదు. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దగ్గరి దారుల్లో రాతి పెచ్చులు పల్చటి టైరు పక్కలను చీల్చేస్తాయి కూడా. సైకిల్‌తో వచ్చే తీగ అంచు టైరు ఒక్కోటి 750 నుంచి 900 గ్రాములు. దాని బదులు మడత పెట్టే రకం, పక్కలకు రక్షణ పొర ఉన్నది, 650–750 గ్రాములది తీసుకోండి. వెడల్పు 2.25.

రిమ్ము పనికొస్తే ట్యూబ్‌లెస్ చేయండి. 200 గ్రాములకు పైగా ఉండే ట్యూబు పోయి, 29 అంగుళాల టైరుకు 80–100 మి.లీ. సీలెంట్ (రంధ్రాలు మూసే ద్రవం) వస్తుంది. చక్రానికి వంద గ్రాముల దాకా లాభం. బరువు కన్నా పెద్ద లాభం, ముల్లు గుచ్చుకున్నా పెరికేసి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం ఆపితే సీలెంట్ మూసేస్తుంది. మన ఎండలకు సీలెంట్ తొందరగా గట్టిపడుతుంది. మార్చి నుంచి జూన్ దాకా నెలకోసారి చక్రం చెవి దగ్గర ఊపి చూడండి. లోపల తొణికిన చప్పుడు లేకపోతే 50 మి.లీ. పోయండి. రిమ్ము పనికిరాకపోతే, వాల్వు పుల్ల ఊడే రకం ట్యూబులో 60–80 మి.లీ. పోసినా సగం బాధ తప్పుతుంది. బరువు మాత్రం తగ్గదు.

ట్యూబు మార్చేటప్పుడు పాత ముల్లు మొన టైరులోనే ఉండిపోవడం మామూలు. వేలితో కాదు, దూది ఉండతో లోపల చుట్టూ తడమండి. మొన ఉన్నచోట దూది పట్టుకుంటుంది.

రేగడి నేల గురించి ఒక మాట. వాన పడ్డాక రేగడి టైరుకు చుట్టుకుని, ఫ్రేముకు టైరుకు మధ్య ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. టైరుకు రెండు వైపులా వేలు పట్టేంత సందు లేని ఫ్రేమ్ తీసుకోకండి. చెలక నేలల్లో ఈ ఇబ్బంది ఉండదు.

గేర్లు, బ్రేకులు

ముందు ఒకే పళ్ల చక్రం, వెనక 9 లేదా 10 ఉన్న అమరిక వెతకండి. ముందు మూడు స్టీలు చక్రాలు, వాటి డిరేలర్, షిఫ్టర్ ఉన్న సైకిల్‌ను తేలికైన ఒంటి చక్రం క్రాంకుకు (పెడళ్లు బిగించే చేతులు) మారిస్తే అర కిలో దాకా తగ్గుతుంది. మట్టి ఇరుక్కునే చోటు కూడా ఒకటి తగ్గుతుంది.

"గేర్లు సరిపోవేమో" అన్న అనుమానానికి లెక్క ఇది. 29 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.29 మీటర్లు పోతుంది. ముందు 32, వెనక 42 పళ్ల మీద పెడల్ ఒక చుట్టుకు 1.74 మీటర్లు. 42/32/22 తో, వెనక 32 పళ్లతో వచ్చే మూడు చక్రాల సైకిల్ కనిష్ఠం 1.57. తేడా కొంచెమే, ముందు 30 పళ్ల చక్రం వేస్తే 1.64కు దిగుతుంది. పై చివర 32కు 11 మీద, నిమిషానికి 80 చుట్లతో, గంటకు 32 కిలోమీటర్లు. 163వ జాతీయ రహదారి మీద ములుగు దాకా పోయి రామప్ప వైపు తిరిగేవాళ్లకు అది చాలు. వెనక డిరేలర్‌లో క్లచ్ ఉంటే గుంతల్లో చైను ఊడదు. గేర్ల సెట్టు షిమానో డియోరా, క్యూసా, మైక్రోషిఫ్ట్ అడ్వెంటా అన్నది ఆ తర్వాతి మాట.

బ్రేకులు హైడ్రాలిక్ డిస్క్ తీసుకోండి. రోటర్ (బ్రేకు పట్టే గుండ్రటి పలక) ముందు 160 మి.మీ. చాలు, 85 కిలోలు దాటినవాళ్లు 180. షిమానో బ్రేకుల్లో మినరల్ ఆయిల్ మాత్రమే పోయాలి. బైకు మెకానిక్ దగ్గరున్న డాట్ ఆయిల్ పోస్తే లోపలి సీళ్లు ఉబ్బి బ్రేకు పనికిరాకుండా పోతుంది. చిన్న ఊళ్ల దుకాణాల్లో ఈ ప్యాడ్లు సాధారణంగా ఉండవు కాబట్టి ఒక జత సంచీలో ఉంచండి.

దుకాణంలో

లగేజీ తూచే కొక్కెం కాంటా జేబులో వేసుకుని పోండి. కంపెనీ చెప్పే బరువు చాలాసార్లు పెడళ్లు లేకుండా, చిన్న ఫ్రేముది. స్టాండు తీయించి, సీటు కింద కొక్కెం తగిలించి తూచండి. ఫోర్కు, చక్రాలు నచ్చిన రెండు సైకిళ్ల మధ్య తేల్చుకోవడానికే ఈ తూకం. 200 గ్రాములు తక్కువున్న కాయిల్ సైకిల్ కన్నా ఎయిర్ సైకిల్ మేలు.

స్టాండు ఉచితమని బిగిస్తామంటే వద్దనండి. అది 300 గ్రాములకు తక్కువ ఉండదు. పైగా పల్చటి అల్యూమినియం పైపులను రెండు పలకల మధ్య బిగించే రకం వాటిని నొక్కేస్తుంది. ఆ నొక్కు దగ్గరే తర్వాత పగులు మొదలవుతుంది.

డబ్బు కట్టే ముందు, ముందు చక్రం బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ కింద టక్కుమంటే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులు. క్రాంకు పట్టుకుని పక్కలకు ఊపండి. పది నిమిషాలైనా తొక్కి, అన్ని గేర్లూ మార్చి చూడండి. నలుచదరపు ఇరుసు మీద కూర్చునే క్రాంకు బోల్టును 35–45 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగించాలి. చాలాచోట్ల చేతి అంచనాతో వదిలేస్తారు. వదులు క్రాంకుతో తొక్కితే చదరపు రంధ్రం గుండ్రంగా అరిగిపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించండి.

పాత సైకిల్ అయితే

యాభై వేలకు నిజంగా 13 కిలోల లోపు కావాలంటే హైదరాబాద్‌లో వాడిన సైకిల్ చూడటమే దారి. ముందు బిల్లు, ఫ్రేమ్ నంబరు కలవాలి. తల పైపు కింది అతుకు, సీటు పోస్టు దూరే చోటు, క్రాంకు వెనక పైపులు తుడిచి లైటు వేసి చూడండి. పెయింటు మీద వెంట్రుకంత గీత ఉన్నా వదిలేయండి. ఫోర్కు పై కాళ్ల మీద గోరు పెట్టి జార్చండి. గోరు తట్టుకునే గీత ఉంటే నూనె కారుతుంది. చైనులో ఒక పిన్ను నుంచి దాని తర్వాతి 24వ పిన్ను దాకా దూరం 304.8 మి.మీ. ఉండాలి, 306.5 దాటితే చైను ఖర్చు, 308 దాటితే క్యాసెట్ ఖర్చు కూడా బేరంలో తగ్గించమనండి. సీటు పోస్టు లాగి చూడటం మరవకండి. ఇరుక్కుపోయిన అల్యూమినియం పోస్టును తీయడం ఫ్రేమును కోసినంత పని.

కొన్న తర్వాత

బరువు తగ్గించడానికి ఖర్చు లేని దానితో మొదలుపెట్టండి. స్టాండు, ప్లాస్టిక్ మడ్‌గార్డులు, చైను మీది కవరు తీస్తే 500 గ్రాముల దాకా పోతుంది. ముందు వెనక రిఫ్లెక్టర్లు మాత్రం ఉంచండి. తర్వాత టైర్లు, ట్యూబ్‌లెస్: 4,000తో ఇంకో 400–500. ఆ తర్వాత సీటు, స్టీలు సీటు పోస్టు. క్యాసెట్, చైను అరిగినప్పుడు మారిస్తే చాలు.

ఎయిర్ ఫోర్కుకు గాలి సరిచేయడం ఇలా: ఫోర్కు కాలు చుట్టూ ఉన్న రబ్బరు రింగును కిందికి సీలు దాకా జార్చండి; రింగు లేకపోతే సన్నటి జిప్ టై కట్టండి. నీళ్లతో, సంచీతో మెల్లగా ఎక్కి, గోడ పట్టుకుని మామూలుగా కూర్చుని, ఊపకుండా దిగండి. 100 మి.మీ. ఫోర్కు అయితే రింగు 15–20 మి.మీ. జరగాలి. ఎక్కువ జరిగితే షాక్ పంపుతో 5 పీఎస్ఐ చొప్పున పెంచండి, తక్కువ జరిగితే తగ్గించండి. టైర్లకు, 70 కిలోల మనిషికి, ట్యూబుతో 28–35, ట్యూబ్‌లెస్‌తో 20–25 పీఎస్ఐ.

కడగడానికి బైకుల వాటర్ సర్వీసింగ్‌కు తీసుకెళ్లకండి. ఆ నీటి వేగం మొరం దుమ్మును హబ్బుల్లోకి, ఫోర్కు సీళ్లలోకి నెడుతుంది. బకెట్ నీళ్లు, బట్ట, చైనుకు పాత టూత్‌బ్రష్ చాలు. ఆరాక చైను లింకు లింకుకూ ఒక చుక్క నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయండి.